తోలుబొమ్మలు, ఆబ్జెక్టులు, మల్టీమీడియా

మన విద్యార్థి సంఘం కార్యదర్శి పోయిన నెలలో మా డిపార్టుమెంటుకి వచ్చి, "సార్, ఈ యేటి సంచికకి మీరు తప్పకుండా ఒక వ్యాసం యివ్వాలి. అయితే అందరికీ అర్థమయ్యేట్టు వుండాలి సార్, ఆర్ట్సు వాళ్ళు కూడా చదువుతారు" అన్నాడు. ఆ రెండో మాటలో కాస్త చురక వుందని నాకు తెలియకపోలేదు. కిందటి సంచికలో మా డిపార్టుమెంటు తరఫున వచ్చిన వ్యాసాన్ని మా డిపార్టుమెంటు వాళ్ళే పూర్తిగా చదవలేదని వినికిడి. కనుక ఈసారి లెక్కలు తగ్గించి, ఒక కథతో మొదలుపెడుతున్నాను. కథ నాదే. అందులో తప్పు కూడా నాదే.

విషయం మల్టీమీడియాలో ఆబ్జెక్టు ఓరియెంటెడ్ నమూనాల పాత్ర. కంప్యూటరు సైన్సు విద్యార్థులకి ఈ మాట వినగానే ఎన్‌కాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం అనే మూడు పేర్లు గుర్తుకొస్తాయి. పది మార్కుల ప్రశ్నకి వాటిని వరసగా రాసి, పక్కన ఒక పెట్టె బొమ్మ గీసి, పరీక్ష హాలు గుమ్మం దాటగానే మర్చిపోతారు. నేనూ అట్లాగే మర్చిపోయాను. వాటి అసలు అర్థం నాకు పాతికేళ్ళ తర్వాత, పోగొట్టుకున్నదాన్ని వెదుక్కునే సందర్భంలో తెలిసింది.

ఒక సీడీ కథ

1998లో నేను ఈ కళాశాలలోనే ఎం.సి.ఏ. ఆఖరి సంవత్సరం విద్యార్థిని. ఆ రోజుల్లో మల్టీమీడియా అనే మాట మంత్రంలా వుండేది. పట్నంలో ఏ గోడ మీద చూసినా మల్టీమీడియా కోర్సుల బోర్డులే. ముగ్గురు మిత్రులం కలిసి ప్రాజెక్టుగా తోలుబొమ్మలాట మీద ఒక సీడీ తయారుచేద్దామని అనుకున్నాం. అనంతపురం జిల్లాలో ఒక పల్లెలో ఆట కట్టే పెద్దాయన వున్నాడని తెలిసి బస్సెక్కాం. ఆయన్ని ముగ్గురమూ "తాతా" అనే పిలిచేవాళ్ళం.

మూడు రోజులు ఆ వూళ్ళోనే వున్నాం. తాత పాట, మాట, లంకాదహనం ఘట్టం, మధ్యలో కేతిగాడూ బంగారక్కా చేసే అల్లరి, అన్నీ కలిపి రెండు క్యాసెట్లు నింపుకున్నాం. మేకతోలు బొమ్మల్ని ఎండకి ఎదురుగా పట్టుకుని ఫొటోలు తీశాం. తిరిగొచ్చాక వాటిని స్కాన్ చేసి, చేతులూ కాళ్ళూ తలా విడివిడి ముక్కలుగా కత్తిరించి, కంప్యూటరు తెర మీద మళ్ళీ కీళ్ళు అతికించాం. మౌసుతో నొక్కితే హనుమంతుడు తోక ఆడించేవాడు. ప్రాజెక్టుకి మంచి మార్కులే వచ్చాయి. సీడీలు రెండు రాయించి, ఒకటి డిపార్టుమెంటుకి యిచ్చి, ఒకటి నేను దాచుకున్నాను. క్యాసెట్ల మీద మాత్రం మా హాస్టల్లో ఎవరో సినిమా పాటలు రికార్డు చేసుకున్నారు. సీడీ వుంది గదా అని మేమూ పెద్దగా బాధపడలేదు.

2006లో తాత పోయాడని తెలిసింది. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

రెండేళ్ళ క్రితం ఒక కుర్రవాడు నా గది గుమ్మం దగ్గర నిలబడి వున్నాడు. మన కళాశాలలోనే చేరిన కొత్త విద్యార్థి. "సార్, నేను బొమ్మలాట తాత మనవణ్ణి. మా తాత గొంతు మీ దగ్గర సీడీలో వుందని మా నాయన చెప్పినాడు. ఇంట్లో ఒక్క రికార్డింగూ లేదు సార్. ఒకసారి వినిపిస్తారా?" అన్నాడు.

ఇంటికెళ్ళి సీడీ వెదికి తెచ్చాను. బీరువా అడుగున భద్రంగానే వుంది. డ్రైవులో పెడితే తిరిగింది, ఫైలు పేరు కూడా కనిపించింది. గాని తెరుచుకోలేదు. మేము వాడిన సాఫ్ట్‌వేరు ఎప్పుడో మూలపడిపోయింది, ఇప్పటి యంత్రాల మీద అది నడవదు. అందులో ఆ సాఫ్ట్‌వేరు తప్పేమీ లేదు, ఏ సాఫ్ట్‌వేరూ శాశ్వతం కాదు. తప్పు మాది. గొంతునీ, బొమ్మల్నీ, వాటిని ఆడించే సూచనల్నీ కలిపి, ముడి విప్పటానికి వీల్లేకుండా ఒకే ఫైలుగా కట్టేశాం.

ఆ కుర్రవాడి ముఖం చూడలేక, "కొద్ది రోజులు ఆగు బాబూ, ఏదో ఒకటి చేద్దాం" అన్నాను. ఏం చేశామో చివర చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు కొంత శాస్త్రం తెలియాలి.

మల్టీమీడియాకి వచ్చిన చిక్కేమిటి?

అక్షరం, బొమ్మ, శబ్దం, కదిలే బొమ్మ — ఈ నాలుగింటినీ ఒకేచోట చేర్చటమే మల్టీమీడియా. చెప్పటానికి తేలికే. అయితే ఈ నాలుగూ నాలుగు జాతులకి చెందినవి. అక్షరానికి కాలంతో పనిలేదు, పేజీ మీద ఎంతసేపైనా వుంటుంది. శబ్దానికి కాలమే ప్రాణం, ఆగితే అది శబ్దమే కాదు. బొమ్మ చోటు ఆక్రమిస్తుంది. వీడియో చోటునీ కాలాన్నీ రెంటినీ మింగుతుంది.

ఎంత మింగుతుందో చూడండి. సీడీలో సంగీతానికి సెకనుకు 44,100 సార్లు ధ్వని కొలత తీసుకుంటారు. కొలతకు రెండు బైట్లు, కుడి ఎడమలు రెండు, వెరసి సెకనుకు 1,76,400 బైట్లు. అదే మన దూరదర్శన్ పాత పద్ధతిలో వీడియో అయితే, అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. చుక్కకి మూడు రంగులకి మూడు బైట్లు. సెకనుకు 25 చిత్రాలు. గుణించుకుంటే సెకనుకు 3 కోట్ల 11 లక్షల బైట్లు. కుదించకుండా పెడితే 650 మెగాబైట్ల సీడీలో పట్టేది సుమారు 21 సెకన్లు! కనుక కుదించక తప్పదు. ఒక్కొక్క జాతిని కుదించే పద్ధతి ఒక్కొక్కటి. తిరిగి విప్పే పద్ధతీ వేరే. విప్పిన తర్వాత మాటా పెదవీ కలవాలి. ఆ రెంటికీ మధ్య అర సెకను తేడా వచ్చిందంటే చూసేవాడు విసుక్కుని లేచిపోతాడు.

మరి ఇన్ని జాతుల్ని ఒక్క ప్రోగ్రాము నడిపించాలంటే ఎట్లా? పాత పద్ధతిలో అయితే "ఇది శబ్దమైతే ఇట్లా చెయ్యి, బొమ్మ అయితే అట్లా చెయ్యి, వీడియో అయితే ఇంకోలా చెయ్యి" అని రాసుకుంటూ పోవాలి. కొత్త జాతి ఒకటి వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రామంతా తిరగరాయాలి. ఇదిగో ఇక్కడ ఆదుకున్నది ఆబ్జెక్టు నమూనా.

తాత చెప్పిన నిర్వచనం

ఆబ్జెక్టు అంటే ఏమిటో మా మేష్టార్లు చెప్పారు, పుస్తకాలూ చెప్పాయి. గాని తాత చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు మాలో ఒకడు ఉత్సాహం కొద్దీ ఒక బొమ్మని తీసుకుని చెయ్యి వెనక్కి తిప్పబోయాడు. తాత వారించి, "బొమ్మను మనం ఆడించేది ఏమీ లేదు నాయనా. దాని కీళ్ళకు ఏమొచ్చో తెలుసుకోని అడగల్ల. అడిగితే అదే ఆడుతాది. రానిది అడిగితే తోలు చినుగుతాది" అన్నాడు.

ఆబ్జెక్టు నమూనా మొత్తం ఈ నాలుగు ముక్కల్లో వుంది. ఆబ్జెక్టు అంటే సమాచారమూ, ఆ సమాచారంతో చేయగల పనులూ ఒకేచోట వున్న మూట. బొమ్మకి ఆకారం వుంది, కీళ్ళున్నాయి. ఏ కీలు ఎంత వంగుతుందో ఆ బొమ్మలోనే వుంది. బయటివాడు లోపలి తోలు జోలికి పోకుండా, కర్రతో "వంగు" అని అడుగుతాడు. ఆ అడగటాన్నే మా శాస్త్రంలో మెసేజి అంటాం. అదే కర్ర కదలికకి కేతిగాడు ఒకలా వంగుతాడు, రావణాసురుడు ఇంకోలా వంగుతాడు. అడిగినవాడికి ఆ తేడాతో నిమిత్తం లేదు. పది మార్కుల ప్రశ్నలో పాలిమార్ఫిజం అని రాసేది ఇదే.

కంప్యూటరులోకి ఈ ఆలోచన మూడు దారుల్లో వచ్చింది. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ తన పిహెచ్.డి. పరిశోధనలో భాగంగా స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము రాశాడు. తెర మీద వెలుగు కలంతో బొమ్మలు గీయటం అందులో విశేషం. ఒక మూలచిత్రం గీసి, దాని నకళ్ళు ఎన్నయినా పెట్టుకోవచ్చు. మూలచిత్రం మారిస్తే నకళ్ళన్నీ వాటంతటవే మారతాయి. గమనించండి, తెర మీది బొమ్మకీ ఆబ్జెక్టుకీ సంబంధం మొదటి నుంచీ వుంది.

రెండో దారి నార్వేది. ఆస్లో నగరంలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటరులో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యుగార్డ్ అనే ఇద్దరు 1960లలో సిమ్యులా అనే భాషని తయారుచేశారు. నిజజీవితంలో జరిగే వ్యవహారాల్ని కంప్యూటరులో అనుకరించి చూడటం దాని పని. క్లాసు, సబ్‌క్లాసు అనే ఏర్పాట్లు సిమ్యులా 67లో వచ్చాయి. ఆ ఇద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడే, 2002లో, కొద్ది వారాల తేడాతో ఇద్దరూ చనిపోయారు.

మూడో దారి కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలది. అక్కడ ఆలన్ కే అనే ఆయన 1972లో పిల్లలు చంకలో పెట్టుకు తిరిగే కంప్యూటరుని వూహించి, దానికి డైనాబుక్ అని పేరు పెట్టాడు. చదవటం, రాయటం, బొమ్మలు గీయటం, సంగీతం కట్టటం అన్నీ దానిలోనే జరగాలన్నది ఆయన కోరిక. ఆ కల కోసం తన బృందంతో కలిసి స్మాల్‌టాక్ భాషని రూపొందించాడు. ఆలన్ కే చదివింది జీవశాస్త్రం, గణితం. పైగా గిటారు వాయించేవాడు. శరీరంలో ఒక్కొక్క కణం తన పని తాను చేసుకుంటూ పక్క కణాలకి కబుర్లు పంపినట్టే, ప్రోగ్రాములో ఆబ్జెక్టులు కూడా కబుర్లతోనే బతకాలని ఆయన అభిప్రాయం. పాఠశాల పిల్లలు ఆ భాషలో బొమ్మలు గీసే ప్రోగ్రాములు సొంతంగా రాసుకున్నారు. మల్టీమీడియా అనే పేరు జనం నోట పడకముందే ఆ పని ఆబ్జెక్టుల మీద నడిచిందన్నమాట.

అడిగేది ఒకటే, ఆడేది పలు విధాలు

ఆ తర్వాత ఆ ఆలోచన మామూలు జనంలోకి వచ్చింది. 1987లో బిల్ అట్కిన్సన్ తయారుచేసిన హైపర్‌కార్డ్ ఆపిల్ కంప్యూటర్లతో వెలువడింది. తెర మీది బటన్ని నొక్కితే ఆ కబురు ముందు బటన్‌కే వెళ్ళేది. దానికి జవాబు తెలియకపోతే కార్డుకి, అక్కడా కాకపోతే దాని వెనకనున్న నేపథ్యానికి, ఆపైన మొత్తం దొంతరకి పోయేది. మన ఆఫీసుల్లో దరఖాస్తు గుమాస్తా నుంచి సూపరింటెండెంటుకీ, అక్కడ నుంచి రిజిస్ట్రారుకీ వెళ్ళినట్టే. కాకపోతే ఇక్కడ జవాబు వెంటనే వచ్చేది! 1993లో ప్రపంచమంతా ఆడిన మిస్ట్ అనే ఆట దీంతో కట్టినదే.

ఈనాడు మీ చేతిలోని ఫోను సంగతి చూడండి. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాష అయిదో రూపం 2014లో ప్రమాణంగా ఖాయమైంది. అందులో ఆడియో ఒక ఆబ్జెక్టు, వీడియో ఒక ఆబ్జెక్టు. రెంటికీ ఉమ్మడిగా మీడియా అనే తల్లి క్లాసు వుంది. "మొదలుపెట్టు", "ఆగు", "ఇప్పుడు ఎన్నో సెకనులో వున్నావు?" అనే మాటలు ఆ తల్లివి, పిల్లలిద్దరికీ అవి పుట్టుకతో వచ్చాయి. బొమ్మ ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అనేవి మాత్రం వీడియోకి ప్రత్యేకం. లోపల కుదింపు ఏ పద్ధతిలో వున్నా సరే, బటన్ నొక్కే మీకుగాని, ఆ పేజీ రాసినవాడికిగాని పట్టింపు లేదు. రేపు కొత్త కుదింపు పద్ధతి వస్తే లోపలి సరంజామా మారుతుంది, పేజీ మారదు. ఇదే ఇన్‌హెరిటెన్స్, ఇదే ఎన్‌కాప్సులేషన్.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. తల్లీ పిల్లల వరస మరీ పొడుగైతే చిక్కే. ఎగిరే పాత్రలు ఒక క్లాసు, యుద్ధం చేసే పాత్రలు ఇంకో క్లాసు అని విభజించుకున్నామనుకోండి, మరి హనుమంతుణ్ణి ఎక్కడ పెడతారు? ఈ ఇబ్బంది చూసే నేటి వీడియో ఆటల రూపకర్తలు వంశవృక్షాన్ని తగ్గించి, ఒక ఖాళీ ఆబ్జెక్టుకి ఎగిరే గుణం, పోట్లాడే గుణం, పాడే గుణం విడివిడిగా తగిలిస్తున్నారు. 2005లో వచ్చిన యూనిటీ అనే సాఫ్ట్‌వేరులో ఇదే పద్ధతి.

ఒక పెద్ద ఆశ, దాని గతి

ఆబ్జెక్టు నమూనా ఎక్కడ గెలిచిందో చెప్పాను. ఓడిన చోటు కూడా చెప్పకపోతే అది వకాలత్ అవుతుందిగాని వ్యాసం కాదు.

వీడియో, శబ్దాల ప్రమాణాల కోసం 1988లో ఎంపెగ్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం ఏర్పడింది. ఎంపెగ్-1 మీద వీడియో సీడీలు నడిచాయి. ఎంపెగ్-2 మీద డీవీడీలు వచ్చాయి. ఈ రెండూ వీడియోని ఒక దీర్ఘచతురస్రపు ఫ్రేముగానే చూశాయి. 1999లో ప్రమాణంగా వెలువడిన ఎంపెగ్-4 మాత్రం పెద్ద ఆశతో బయల్దేరింది. వార్తలు చదివే మనిషి ఒక ఆబ్జెక్టు, వెనక తెర ఒక ఆబ్జెక్టు, పక్కనున్న బల్ల ఒక ఆబ్జెక్టు, ఆమె గొంతు ఇంకో ఆబ్జెక్టు. దేనికి దాన్ని విడిగా కుదించి పంపుదాం. ఏది ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు రావాలో చెప్పే సూచికని వేరే పంపుదాం. చూసేవాడి యంత్రం వాటిని కూర్చుకుంటుంది. ఇదీ వాళ్ళ పథకం. మనిషి ముఖాన్ని కూడా వీడియోగా పంపకుండా, 68 అంకెలతో కనుబొమలూ పెదవులూ ఆడించే ఏర్పాటు అందులో వుంది.

అచ్చం తోలుబొమ్మలాటే గదా! పెట్టెలో బొమ్మలు వేరు, కథ వేరు, ఏ బొమ్మ ఎప్పుడు తెర మీదకి రావాలో చెప్పే సూత్రధారుడు వేరు.

కాని జరిగిందేమిటి? ఆ ఆకారాల కుదింపు దాదాపు మూలపడింది. జనం వాడుకున్నది ఎంపెగ్-4లోని మామూలు దీర్ఘచతురస్రపు వీడియోనే. 2003లో అందులోనే పదో భాగంగా చేరిన హెచ్.264 పద్ధతి కూడా ఫ్రేమునే ఆధారం చేసుకుని లోకాన్ని ఏలింది. కారణం ఏమిటంటే, కెమెరా లోకాన్ని ఆబ్జెక్టులుగా చూడదు, వెలుతురు చుక్కలుగా చూస్తుంది. మనిషి ఎక్కడ ఆగి గోడ ఎక్కడ మొదలవుతుందో కెమెరాకి తెలియదు. ఆ చుక్కల్లోంచి మనిషిని వేరుచేయటం ఆనాటి యంత్రాలకి తలకి మించిన పని అయింది. చేసినా వెంట్రుకల దగ్గరా చీర అంచు దగ్గరా తేలిపోయేది. పడ్డ శ్రమకి తగ్గ పొదుపు రాలేదు.

దీనికి భిన్నంగా, శబ్దంలో అదే నమూనా గెలిచింది. 2012లో బ్రేవ్ అనే చిత్రంతో మొదలైన డాల్బీ అట్మోస్ పద్ధతిలో శబ్దాన్ని ఫలానా స్పీకరుకని ముందుగానే కలిపేయరు. హెలికాప్టరు మోత ఒక ఆబ్జెక్టు. దానితోపాటు "ఇది ఇప్పుడు తలపైన ఎడమవైపు వుంది" అనే సమాచారం వెళుతుంది. థియేటరులో ఎన్ని స్పీకర్లున్నాయో చూసుకుని అక్కడి యంత్రమే పంచిపెడుతుంది. ఒకేసారి 128 దాకా శబ్దపు పాయల్ని, 64 దాకా స్పీకర్లకి పంచగలదు. అదే శబ్దపట్టీ పెద్ద హాల్లోనూ, చిన్న హాల్లోనూ పనిచేస్తుంది.

మరి ఇక్కడ ఎందుకు గెలిచింది? సినిమా శబ్దం పుట్టటమే విడివిడిగా పుడుతుంది. మాట వేరే, అడుగుల చప్పుడు వేరే, వాన వేరే, సంగీతం వేరే పట్టీల మీద తయారవుతాయి. కలపటం ఆఖరి మెట్టు. ఆ కలిపే పనిని థియేటరు దాకా వాయిదా వేయటమే కొత్తదనం. కనుక నాకు తోచిన సూత్రం ఇది: పుట్టుకతో విడిగా వున్నవాటిని విడిగానే వుంచటానికి ఆబ్జెక్టు నమూనా చాలా గొప్పది. కలిసి పుట్టినవాటిని విడదీయటానికి అది మంత్రదండం కాదు.

పెట్టెలో పెట్టె

ఎంపెగ్-4 ఆశ నెరవేరలేదన్నాను గాని, దాని పేరు మాత్రం మన ఫోన్లలో రోజూ వినిపిస్తుంది. మీరు తీసే వీడియో ఎక్కువగా ఎంపీ4 అనే ఫైలులో దాగుతుంది. అది ఆపిల్ 1991లో విడుదల చేసిన క్విక్‌టైమ్ ఫైలు పద్ధతి నుంచి వచ్చింది. ఈ ఫైలంతా పెట్టెల వరస. ప్రతి పెట్టె మొదటి నాలుగు బైట్లలో తాను ఎంత పొడుగో చెబుతుంది, తర్వాతి నాలుగు బైట్లలో నాలుగు అక్షరాల తన పేరు చెబుతుంది. పెట్టెలో పెట్టెలు వుండవచ్చు. గొంతు ఒక వరస, బొమ్మ ఒక వరస, ఏది ఏ క్షణంలో వినిపించాలో చెప్పే పట్టిక వేరొక పెట్టె.

ఇందులో ఒక బంగారంలాంటి నియమం వుంది. చదివే ప్రోగ్రాముకి తెలియని పేరుగల పెట్టె ఎదురైతే గాభరాపడనక్కరలేదు. పొడుగు తెలుసు గదా, దాన్ని దాటుకుని తర్వాతి పెట్టెకి పోవచ్చు. అందుకే పాత ప్లేయరు కూడా కొత్త ఫైలులో తనకి తెలిసినదాన్ని చూపించగలదు. శబ్దానికి వాడే వేవ్ ఫైలుదీ ఇదే వంశం. 1991లో మైక్రోసాఫ్టు, ఐబీఎంలు కలిసి ప్రకటించిన రిఫ్ పద్ధతిలో పేరు ముందు, పొడుగు తర్వాత.

తాత గొంతు

ఇప్పుడు మన సీడీ దగ్గరికి వద్దాం. మా డిపార్టుమెంటులో పి.జి. చదివే ఒక అమ్మాయికి ఆ ఫైలు యిచ్చి, "తెరవలేకపోతే పోనీ, బైట్లుగా చదివి చూడమ్మా" అన్నాను. రెండు రోజులకి నవ్వుతూ వచ్చింది. "సార్, ఇందులో పద్నాలుగు చోట్ల రిఫ్ అనే నాలుగక్షరాలు కనిపిస్తున్నాయి. పక్కనే పొడుగు కూడా వుంది" అంది. నా గుండె ఒక్కసారి ఆగినంత పనయింది. ఆ రోజుల్లో మేము శబ్దాన్ని కుదించకుండా, సెకనుకు 22,050 కొలతల లెక్కన, వేవ్ ఫైళ్ళుగానే లోపలికి చేర్చాం. ఆ సాఫ్ట్‌వేరు వాటిని ఎట్లా వున్నవాటిని అట్లాగే మింగింది. పేరు చూసి, పొడుగు చూసి, ఆ అమ్మాయి పద్నాలుగు ముక్కల్నీ కోసి బయటికి తీసింది. అన్నీ కలిపి 26 నిమిషాలు. రామాయణమూ వుంది, కేతిగాడి అల్లరీ వుంది.

బొమ్మలు మాత్రం దక్కలేదు. అవి ఆ సాఫ్ట్‌వేరు తన సొంత పద్ధతిలో కుదించుకుంది. హనుమంతుడి తోక ఎట్లా ఆడాలో మేము రాత్రుళ్ళు కూర్చుని రాసిన సూచనలు కూడా పోయాయి. అవి ఆ యంత్రం ఒక్కదానికే అర్థమయ్యే భాషలో వున్నాయి. తన పేరూ పొడుగూ తాను చెప్పుకోగలిగిన మూట మిగిలింది. ఇంకొకరి మీద ఆధారపడిన మూట ఆ ఇంకొకరితోపాటే పోయింది.

ఆబ్జెక్టు నమూనాకి వున్న రెండో ముఖం ఇదేనని నేను నేర్చుకున్నాను. సమాచారాన్నీ దాని నడవడినీ ఒకే మూటగా కడితే పని తేలికవుతుంది, నిజమే. కాని ఆ నడవడిని అర్థం చేసుకునే యంత్రం వున్నంతవరకే ఆ మూటకి ఆయుష్షు. కనుక మూట కట్టండి, గాని లోపలి సరుకుని అందరికీ తెలిసిన పెట్టెల్లో వుంచి కట్టండి. గొంతు గొంతుగా, బొమ్మ బొమ్మగా, ఆట సూచనలు మామూలు అక్షరాల్లో వేరుగా.

ఆ కుర్రవాణ్ణి పిలిచి నా గదిలో కూర్చోబెట్టి వినిపించాను. మొదటి ముక్క అయ్యేదాకా తల వంచుకునే వున్నాడు. బొమ్మలు పోయాయని నేను నొచ్చుకుంటుంటే, "బొమ్మలు ఇంట్లో వున్నాయి సార్. ఆట మా నాయనకు వచ్చు, నాకూ కొంచెం వచ్చు. లేనిది ఈ గొంతే" అన్నాడు. మళ్ళీ కాసేపాగి, "కానీ మా తాత ఇంత తొందరగా పాడేవాడు కాదంట సార్. ఇందులో తరుముకుంటా పోతావుండాడు ఎందుకో" అన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. "తాతా, క్యాసెట్టు అయిపోతోంది, తొందరగా కానీ" అని పక్కన కూర్చుని తరిమింది నేనే. ఆ మాట వాడికి చెప్పాను. ఏమీ అనలేదు. పద్నాలుగు ముక్కలూ ఫోనులోకి ఎక్కించుకుని, నమస్కారం పెట్టి వెళ్ళాడు.

విద్యార్థి మిత్రులకి ఒక మనవి. మీ ఇళ్ళల్లో మీ అమ్మమ్మల పాటలు, మీ వూళ్ళ జాతరలు, మీ నాయనమ్మ చెప్పే కథలు ఫోన్లలో రికార్డు చేసుకుంటూనే వున్నారు. చాలా మంచి పని. అయితే వాటిని ఏదో ఒక యాప్ లోపలే వదిలేయకండి. వేవ్, ఎంపీ4 వంటి తెలిసిన పెట్టెల్లో ఒక నకలు బయటికి తీసి, ఎవరిది, ఏ వూరు, ఏ సంవత్సరం అని మామూలు అక్షరాల్లో ఒక కాగితం రాసి, రెండు వేరువేరు చోట్ల దాచండి. రికార్డు చేసేటప్పుడు పాడేవాళ్ళని తొందరపెట్టకండి. ఈ మూడూ చేస్తే ఆబ్జెక్టు ఓరియెంటెడ్ నమూనాలో పది మార్కులకి పది మీకు వచ్చినట్టేనని ఈ మేష్టారు హామీ యిస్తున్నాడు.